వేరు ఎంత లోతు?

ధ్యానభాగము: యిర్మీయా 17:7, 8

పల్నాటి నల్లరేగడిలో ప్రత్తి వేయు మీకు చేనును గూర్చి బోధింప నక్కరలేదు. వర్షాధారపు చేలో పైమన్ను ఆరుకొలది మొక్క తన తల్లివేరును క్రిందికి, తడి యున్న చోటికి పంపును. అది పొట్టిగా కనబడినను బెట్టకు నిలుచును.

1967లో నాగార్జునసాగరు కుడికాలువకు నీరు వచ్చెను; అది దేవుడిచ్చిన మేలు. అయినను మాటిమాటికి తడులు పెట్టిన చేలో వేళ్లు పైపైనే పరచుకొనును. నీరు మితిమీరినయెడల మొక్క ఏపుగా పెరిగి, ఆకు హెచ్చి, కాయ తగ్గును. కాలువ నీరు ఆగినప్పుడు ముందుగా వాడునది ఆ మొక్కయే. విత్తనమొక్కటే, పెరిగిన స్థితినిబట్టి రూపము వేరాయెను.

మన విశ్వాసమును అట్టిదే. కరవునాట అప్పుల మధ్య మోకరించినవారు లోతుగా వేరు తన్నిరి. పంట ఇంటికి వచ్చినప్పుడు మనము కుటుంబ ప్రార్థన మానితిమా? ఆరాధనకు వచ్చుట ఆకు. పొరుగువాని ఆకలి తీర్చుట కాయ. యిర్మీయా చూపిన చెట్టు నీటియొద్దనే యున్నను వేళ్లు చాచుట మానలేదు. అందుచేతనే ఎండలను ఓర్చుకొన్నది.

కాలువ నిండుగా పారు దినములలోనే మన వేళ్లను లోతునకు పంపుదము. ఆమేన్.