పంపు ఎందుకు పోయింది?

పోయినేడాది జూన్‌లో ఒక ఆదివారం హైదరాబాద్ నుంచి కరీంనగర్ వస్తున్నాను. తిమ్మాపూర్ దాటాక కారు టెంపరేచర్ ముల్లు ఒక్కసారిగా పైకి లేచింది. పక్కకు ఆపి బానెట్ ఎత్తితే ఆవిరి. ఇరవై ఏళ్ళ నాటి టర్బో పెట్రోల్ కారు అది. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్ గోడకి దాని బొమ్మ అంటించుకున్నాను. ఉద్యోగం వచ్చి చాలా ఏళ్ళయ్యాక సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను.

దాని వాటర్ పంపు మార్పించి పద్నాలుగు నెలలే అయింది. ఈ ఇంజన్లో పంపుని టైమింగ్ బెల్టే తిప్పుతుంది, కాబట్టి రెండూ కలిపి మారుస్తారు. మళ్ళీ బెల్టు మార్చేదాకా పంపు జోలికి పోనక్కర్లేదు. నాది పదకొండు వేల కిలోమీటర్లకే పోయింది.

రోడ్డు మీద నుంచే హైదరాబాద్ మెకానిక్‌కి ఫోన్ చేశాను. "డూప్లికేట్ పంపు వేసి మోసం చేశావన్నా" అన్నాను. "బిల్లు ఉంది సార్, చూపిస్త" అన్నాడు. వినలేదు. పాత కార్లవాళ్ళ గ్రూపులో పెడతానన్నాను. సాయంత్రానికల్లా పంపు ధర, కూలీ కలిపి ఏడు వేల ఐదొందలు నా ఫోనుకి వచ్చాయి. న్యాయం జరిగిందనుకున్నాను.

మర్నాడు కరీంనగర్‌లో ఒక పెద్దాయన పంపు విప్పాడు. రేడియేటర్లోంచి తీసిన నీళ్ళు సీసాలో పోసి వెలుతురుకి పట్టాడు. తుప్పు రంగు, అడుగున తెల్లటి పొడి. "సార్, ఇండ్ల ఏం నీళ్ళు పోసిన్రు?"

అప్పుడు గుర్తొచ్చింది. డిసెంబరులో ఆదిలాబాద్‌లో పెళ్ళికి పోతూ, సరదా కోసం నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ పాత దారి పట్టి కారుని బాగా తోలాను. పైకి వెళ్ళాక కూలెంటు తగ్గిందని దీపం వెలిగింది. దాబా దగ్గర బోరు నల్లా ఉంటే పట్టి పోశాను. తర్వాత ఇంటి దగ్గర కూడా రెండు మూడు సార్లు. మా గీజరు కాయిల్ మీద సున్నం పెచ్చులు కట్టించేవి ఆ నీళ్ళే. కూలెంటులో డిస్టిల్డ్ వాటరే కలపాలని నాకు తెలుసు. బోరు నీళ్ళలోని ఉప్పులు వేడికి గట్టిపడి పంపు సీలుని గీస్తాయి. సీలు అరిగితే నీళ్ళు బేరింగులోకి పోతాయి.

అలా పోకుండా సీలుకీ బేరింగుకీ మధ్య ఒక సన్నటి రంధ్రం పెడతారు. సీలు కారడం మొదలైతే చుక్కలు అందులోంచి బయటకొస్తాయి. పంపు తన జబ్బు తానే చెప్పుకునే దారి అది. నెల రోజులుగా మా వాకిట్లో కారు కింద తడి కనిపిస్తూనే ఉంది. ఏసీ నీళ్ళనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

అయితే తప్పంతా నాదేనా? డిసెంబరులో కూలెంటు అసలు ఎందుకు తగ్గింది? అప్పటికే సీలు కారుతోందేమో. పెద్దాయన్ని అడిగితే, "పంపు కచ్చాది కావచ్చు, బెల్టు ఎక్కువ గుంజి కట్టి ఉండచ్చు, నీళ్ళు ఖరాబ్ చేసి ఉండచ్చు. మూడూ కావచ్చు" అన్నాడు.

'తర్కసంగ్రహం'లో అన్నంభట్టు కారణాలని మూడు రకాలుగా విడదీస్తాడు. గుడ్డకి దారాలు సమవాయి కారణం, దారాల కలయిక అసమవాయి కారణం, మగ్గం లాంటివి నిమిత్త కారణం. సిరిసిల్ల పక్కన పెరిగినవాడికి ఈ ఉదాహరణ వెంటనే ఎక్కుతుంది. కారణాల్లో అసాధారణమైనదాన్ని 'కరణం' అంటాడాయన. నాకు చిక్కంతా ఇక్కడే కనిపిస్తుంది. ఏది అసాధారణం? గుడ్డ విషయంలో ఎవరికీ పట్టింపు ఉండదు. నష్టం జరిగినప్పుడు మాత్రం, ఉన్న కారణాల్లో ఎదుటివాడి పేరున్నదే మనకి అసాధారణంగా కనిపిస్తుంది.

2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి. అది పాత కరీంనగర్ జిల్లా నేలే. డ్యాం భద్రతా సంస్థ కమిటీ ప్లానింగు, డిజైను, నాణ్యత నియంత్రణ, నిర్వహణ, అన్నిట్లోనూ లోపాలున్నాయంది. తర్వాత జరిగిన వాదనల్లో ఎవరికి పనికొచ్చేది వాళ్ళు పట్టుకోవడం మనం చూశాం. అబద్ధం చెప్పక్కర్లేదు. నిజాల్లోంచి ఒకదాన్ని ఏరుకుంటే చాలు.

మా ఆఫీసులో సర్వర్ పడిపోతే 'బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టెమ్' రాస్తాం. ఎవరి పేరూ ఎత్తకుండా, వరసగా ఏం జరిగిందో రాయాలి. ఆఖరున చెయ్యి పెట్టినవాడి మీద తోసేస్తే అసలు లోపం దొరకదని మా నమ్మకం. ఆ మర్యాద మాలో మాకే. గ్రీజు చేతుల మనిషికి నేను ఒక్క నిమిషం కూడా ఇవ్వలేదు.

డబ్బు తిరిగివ్వాలనిపించింది. ఎంత? మూడు కారణాలైతే మూడో వంతా? రెండు రోజులు ఈ లెక్కలోనే ఉన్నాను. తర్వాత తట్టింది, నేను రెండు వేర్వేరు బాకీల్ని కలిపేస్తున్నానని. పంపు పోవడంలో వాటాలుంటాయి. అతన్ని మోసగాడన్న మాటలో వాటాల్లేవు. ఒకవేళ ఆ పంపు నిజంగా కచ్చాదే అయినా, తెలుసుకోకుండా అన్నాను కాబట్టి ఆ మాట పూర్తిగా నాదే.

మొత్తం పంపించి ఫోన్ చేశాను. బోరు నీళ్ళ సంగతి చెప్పి క్షమించమన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మీరు అట్ల అన్న దినం నాకు నిద్ర పట్టలేదు సార్. బెల్టు జర ఎక్కువ టైట్ జేసిన్నేమో అని రాత్రంత అదే సోచాయించిన."

నేను అతని తప్పు వెతికిన రాత్రే అతను కూడా తన తప్పే వెతుక్కున్నాడు. నా తప్పు వెతకడానికి ఆ రాత్రి ఎవరూ లేరు.