ఆశ్రిత పరిత్యాగము తగునా?

మహాభారతము ఒక శునకము మొరతో ఆరంభమై, మరియొక శునకము తోడురాగా ముగింపునకు వచ్చుట గమనింపదగినది. ఆదిపర్వమున జనమేజయుని తమ్ములు, సత్రయాగము జరుగుచోటికి వచ్చిన సరమ కుమారుని నిష్కారణముగా కొట్టిరి. అది హవిస్సును ముట్టలేదు, కన్నెత్తియైనను చూడలేదు. తప్పు చేయని ప్రాణిని బాధించినవారికి అనుకొనని భయము కలుగునని సరమ హెచ్చరించెను. మహాప్రస్థానమునందు హస్తినాపురమునుండి వెంటవచ్చిన శునకమొక్కటియే ధర్మరాజునకు కడవరకు తోడైనది.

నేడు పట్టణములందు గాయపడినవి, యజమానులు విడిచిపోయినవి అయిన శునకములను చేరదీయు సంరక్షణాలయములు కలవు. హైదరాబాదులో 1992లో స్థాపింపబడిన బ్లూ క్రాస్ సంస్థ అట్టిది. అచ్చటినుండి ఒకదానిని తెచ్చి పెంచుకొందమని పిల్లలు కోరుదురు. మడి, ఆచారము గల ఇంట శునకమునకు చోటెట్లని పెద్దలు సందేహింతురు.

ఆ సందేహము త్రోసివేయదగినది కాదు. శునకముతో వచ్చువారికి స్వర్గమున చోటులేదని దేవేంద్రుడే పలికెను. ధర్మరాజు ఆ నియమమును నిందింపలేదు. నమ్మి వెంటవచ్చినదానిని విడుచుట బ్రహ్మహత్యతో సమానమని మాత్రము చెప్పి, రథమెక్కుటకు నిరాకరించెను. అది ధర్మదేవతయని ఆయనకప్పుడు తెలియదు. కుక్కయని యెంచియే దానిని విడువలేదు. ఆ ఘట్టమునకు ప్రాణము ఇదియే.

వైశ్వదేవానంతరము శునకములకును, కాకులకును నేలపై అన్నముంచుమని ధర్మశాస్త్రము గృహస్థుని విధించినది. దూరముంచినది గాని దయకు వెలిచేయలేదు. కావున పూజామందిరము, వంటిల్లు కాక, వసారాలోనో పెరటిలోనో దానికి చోటు కల్పించిన ఆచారమునకు లోపము రాదు. ఎచ్చట ఉంచవలెనో ఆచారము చెప్పును. ఎట్లు చూడవలెనో ధర్మము చెప్పును.

అసలు పరీక్ష తెచ్చిన నాడు కాదు, తరువాతిది. శునకము పది పన్నెండేండ్లు బ్రతుకవచ్చును. నిత్యము తిండి, ఏటేట రేబిస్ టీకా, ముసలితనమున మందులు కావలయును. ఇంటిల్లిపాది తిరుమల యాత్రకు పోవునపుడు దానిని ఎవరికి అప్పగింతురు? పిల్లల ముచ్చట తీరిన పిమ్మట మరల వీధిలో విడిచిన, ఒకసారి మోసపోయిన ప్రాణిని రెండవమారు మోసగించినట్లగును. ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును అకారణముగా విడుచుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. దత్తు తీసికొన్న కుక్క మరల వీధిపాలు గాకుండ చూచు బాధ్యత తీసికొన్నవారిదేయని 2025 ఆగస్టు 22 నాటి ఉత్తర్వులో సుప్రీంకోర్టు కూడ చెప్పినది.

అంత భారము వహింపలేనివారు తెచ్చుకొనకుండుట దోషము కాదు. వాకిట పిడికెడు అన్నము, పాత్రలో నీరు ఉంచినను చాలును. వహింపగలవారు మాత్రము దానిని వ్రతముగా స్వీకరింపవలయును. శ్రీనివాసుని పాదములను ఆశ్రయించిన జీవుడు తన్ను విడువవలదని వేడుకొనును. అట్టివాడు తన గడపను నమ్ముకొన్న నోరులేని జీవిని విడువకుండుటయే ఆ వేడుకోలునకు తగిన నడవడి.