బడిని ఏ బిడ్డతో కొలువవలెను?



పల్లెలోని ప్రాథమిక పాఠశాలలో వార్షికోత్సవము జరుగునప్పుడు అందరి కన్నులును ఒక్క బిడ్డమీదనే నిలుచును. తరగతిలో మొదటి స్థానము పొందిన ఆ బిడ్డకు బహుమానమిత్తురు, తలిదండ్రులు మురియుదురు, ఊరంతయు చప్పట్లు కొట్టును. ఇది తప్పు కాదు. కష్టపడి చదివిన బిడ్డను మెచ్చుకొనుట న్యాయమే. అయితే మన బడి మంచి బడియా కాదా అని తెలిసికొనుటకు ఆ బిడ్డను చూచిన చాలునా? కడపటి వరుసలో కూర్చుండి తానును చప్పట్లు కొట్టుచున్న బిడ్డ మాట యేమి?

పూర్వకాలపు వీధిబడి ఆచారమొకటి వినుడి. బళ్లారి కలెక్టరుగా నుండిన ఏ. డి. క్యాంబెల్ 1823లో తన జిల్లాలోని బడులనుగూర్చి ప్రభుత్వమునకు నివేదిక వ్రాసెను. నేటి అనంతపురము సీమ ఆ దినములలో బళ్లారి జిల్లాలోనిదే. అక్కడ 533 బడులున్నవని ఆయన లెక్క చెప్పెను. ఉదయమున అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసెడివారట. రెండవవాని చేతిలో సున్న చుట్టెడివారు. అనగా వానికి మెప్పును లేదు, నిందయు లేదు. మూడవవానికి ఒక చిన్న దెబ్బ, నాలుగవవానికి రెండు, తరువాత వచ్చిన ప్రతివానికిని ఒక్కొక్కటి ఎక్కువ. ఇట్లు కడపట వచ్చినవాడే అందరికంటె ఎక్కువ దెబ్బలు తినుచుండెను. వాడు పశువులను తోలి వచ్చెనో, తమ్ముని ఎత్తుకొని ఇంట నిలిచెనో, దెబ్బల లెక్కకు అది పట్టదు.

2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుటను నిషేధించినది. కాని వెనుకబడిన బిడ్డకు దెబ్బలు తప్పినవా? మన దేశపు గ్రామములలో 2024లో జరిగిన అసర్ సర్వే చెప్పు మాటను ఆలోచింపుడి. 6 మొదలు 14 ఏండ్ల వయస్సుగల పిల్లలలో నూటికి 98 మంది బడిలో చేరియున్నారు. అయితే అయిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు నూటికి ఇంచుమించు 49 మంది మాత్రమే. బడికి పోయిరి, పేరు పిలిచినప్పుడు పలికిరి, పై తరగతులకు ఎక్కిరి. చదువు మాత్రము సగముమందికి రాలేదు.

ఇది ఎట్లు జరుగుచున్నది? రెండవ తరగతిలో గుణింతములు పట్టుబడని బిడ్డ మూడవ తరగతికి వచ్చును. అక్కడి పుస్తకము అక్షరములు వచ్చినవారికొరకు వ్రాయబడినది. గురువు ముందుకు సాగును. బిడ్డ వెనుక నిలిచిపోవును. అందరు కలిసి పాఠము పలుకునప్పుడు ఆ బిడ్డయు పెదవులు కదుపును. నల్లబల్లమీది వ్రాతను ముత్యములవలె నోటు పుస్తకములోనికి దించుకొనును. ఆ పుస్తకము చూచి తల్లి సంతోషించును. కాని ఆ వ్రాతలో ఒక పంక్తిని చూపి చదువుమన్న యెడల బిడ్డ నేల చూచును. కొన్నాళ్లకు “నాకు చదువు రాదు” అని తనకు తానే తీర్పు చెప్పుకొనును. బెత్తపు దెబ్బ సాయంకాలమునకు మానును. ఈ దెబ్బ యావజ్జీవము నొప్పించును.

ఆ చట్టములోనే 24వ సెక్షను గురువునకు రెండు విధులను ప్రక్కప్రక్కనే నియమించినది. పాఠ్యప్రణాళికనంతయు గడువులోపల ముగింపవలెను. ప్రతి బిడ్డ గ్రహణశక్తిని కనిపెట్టి, అవసరమైనచో అదనముగా బోధింపవలెను. ఈ రెండును ఒకే గంటలో తారసిల్లినప్పుడు ఏది విడువవలెను? పుస్తకము ముగిసినదా లేదా అని అధికారి అడుగును. బిడ్డకు వచ్చినదా లేదా అని అడుగువారు అరుదు. కాబట్టి విడువబడునది బిడ్డయే.

“వెనుకబడినవారికొరకు ఆగినయెడల చురుకైన మా బిడ్డ నష్టపోడా?” అని ఒక తండ్రి అడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్నయే. దీనికి జవాబు ఆ బళ్లారి నివేదికలోనే యున్నది. ముందున్న పిల్లలు వెనుకటివారికి నేర్పుచు, నేర్పుటవలననే తమ విద్యను స్థిరపరచుకొనుచున్నారని క్యాంబెల్ మెచ్చుకొని వ్రాసెను. దెబ్బలు కొట్టిన ఆ బడిలోనే ఈ మేలును ఉండెను. నేర్చినది మరియొకనికి చెప్పలేనివాడు నిజముగా నేర్చినవాడు కాడు. అయితే గురువు చేయవలసిన పనిని పిల్లవాని మెడకు కట్టరాదు. దినమునకు అరగంట చాలును. కొన్ని సంవత్సరములు ముంబాయి, వడోదర నగరపాలక పాఠశాలలలో మరియొక ఏర్పాటు జరిగెను. వెనుకబడిన పిల్లలను దినమునకు రెండు గంటలు వేరుగా కూర్చుండబెట్టి, ఆ చుట్టుపట్ల యువతులచేత మొదటి పాఠములనే చెప్పించిరి. వారి మార్కులు పెరిగెను. మిక్కిలి వెనుకబడినవారే ఎక్కువ మేలు పొందిరి. వారికి బుద్ధి కొరత కాదు, వారున్నచోటికి వచ్చి చెప్పువారు కొరత.

చదువరులారా, చదువుకొన్న ఇంటి బిడ్డకు బడి ఒక దీపమైతే ఇంట మరియొక దీపమున్నది. కూలివాని బిడ్డకు బడి తప్ప వేరు దీపము లేదు. అందుచేతనే బడిని కడపటి బిడ్డతో కొలువవలెనని చెప్పుచున్నాను. ఆ బిడ్డకు నేర్పగలిగిన బడి అందరికిని నేర్పగలదు. మొదటి బిడ్డను మాత్రమే చూపగల బడి, ఆ ఇల్లు నేర్పిన దానిని తనదని చెప్పుకొనుచున్నదేమో!

నేటి సాయంకాలమే మీ బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక పుట చదివించుడి. మీకు అక్షరములు రాకపోయినను భయపడకుడి. తడబాటు చెవికి తెలియును. తడబడినయెడల కోపింపక, మరునాడు గురువునొద్దకు వెళ్లి మర్యాదతో చెప్పుడి. పాఠశాల యాజమాన్య సంఘములో నూటికి 75 మంది తలిదండ్రులే ఉండవలెనని చట్టము, అక్కడ మీరు కూర్చున్నప్పుడు “ఎవరు మొదట వచ్చిరి?” అని అడుగుటకు ముందు “ఇంకను చదువలేనివారు ఎందరు? వారికొరకు ఏ గంట కేటాయించితిరి?” అని అడుగుడి. రాబోవు వార్షికోత్సవమున మొదటి బిడ్డకు ఇచ్చు బహుమానముతో పాటు, నిరుడు ఒక్క మాటయు చదువలేక నేడు ఒక పుట చదివిన బిడ్డకును ఒకటి ఇప్పించుడి. ఆ బిడ్డ నడిచిన దూరము తక్కువది కాదు.