ఇంటి భాష, బడి భాష

బిడ్డకు తల్లి ఒడి మొదటి బడి అని పెద్దలు చెప్పిన మాట అందరూ ఎరిగినదే. రెండవ బడి ప్రభుత్వం పెట్టినది. మొదటి బడిలో నేర్చిన మాటను ఈ రెండవ బడి ఏమి చేయవలె? దానిని ఆదరించి, ఆ పునాదిమీద చదువు కట్టవలెనా? అది ఉన్నదని ఎరుగనట్లు ఊరకుండవలెనా? లేక దానిని తుడిచివేసి వేరొక మాట రాయించవలెనా? పైచూపుకు ఇది బోధనా పద్ధతికి సంబంధించిన ప్రశ్నగా కనబడుతుంది. కాని దీని మూలం ధర్మవిచారణలో ఉన్నది. ప్రభుత్వ పాఠశాల అందరి సొమ్ముతో నడిచేది. అందరి సొమ్ముతో నడిచే చోట కొందరి మాటకే మన్నన దక్కితే, తక్కినవారు తమ సొంత ఇంటిలోనే అద్దెకున్నవారివలె బ్రతకవలసి వస్తుంది.

ఈ ప్రశ్నను పరీక్షించి చూడటానికి ఢిల్లీలోని మయూర్ విహార్ తగిన చోటు. యమునకు తూర్పు గట్టున, నోయిడా పొలిమేరకు దగ్గరగా ఉన్న ఈ ప్రాంతంలో ఢిల్లీ అభివృద్ధి సంస్థ కట్టించిన ఇండ్లు, సహకార సంఘాలవారు కట్టుకొన్న అపార్ట్‌మెంట్లు పక్కపక్కనే ఉన్నవి. ఒకటవ ఫేజులో ఉత్తర గురువాయూరప్ప ఆలయం, మూడవ ఫేజులో కేరళ స్కూలు మలయాళీల ఉనికిని చాటుతున్నవి. తమిళులు, బెంగాలీలు, తెలుగువారు, గఢ్వాల్ కొండలనుండి దిగివచ్చినవారు, బీహారునుండి పొట్టచేత పట్టుకొని వచ్చినవారు ఇక్కడ ఇరుగుపొరుగుగా కాపురం చేస్తున్నారు. సాయంకాలం ఆటస్థలంలో వీరందరి బిడ్డలకూ ఉమ్మడి భాష హిందీ. అందులో ఎవరికీ నష్టం లేదు. ఆట ముగిసి పలక పట్టినప్పుడే చిక్కు మొదలవుతుంది.

తెలుగు ఇంటి బిడ్డకు ఇట్టి చోట మూడు భాషలు అబ్బుతవి. అయితే మూడూ ఒకే తీరున అబ్బవు. ఇంగ్లీషు పుస్తకంలో ఉంటుంది. హిందీ పుస్తకంలోనూ వీధిలోనూ ఉంటుంది. తెలుగు వంటింట్లో ఉంటుంది. ఆకలికీ, అలకకూ, పండుగకూ ఆ తెలుగు సరిపోతుంది. గ్రహణం ఎందుకు పడుతుందో, దేశానికి రాజ్యాంగం ఎందుకు కావలసి వచ్చినదో అడగటానికి మాత్రం ఆ భాషలో మాట దొరకదు. క్రమంగా ఆ బిడ్డ తనలో తానే ఒక తీర్మానానికి వస్తాడు. తెలివికి ఒక భాష, తిండికి ఒక భాష అని. ఈ తీర్మానం ఎవ్వరూ నేర్పినది కాదు. బడి మౌనమే దానిని నేర్పినది. అమ్మమ్మతో ఫోనులో గలగల మాటాడే పిల్ల ఆమె స్వదస్తూరీతో రాసిన నాలుగు పంక్తులు చదవలేదు. అక్షరానికి నోచుకోని భాష ఒక తరంలో వినికిడిగా మిగిలి, మరుసటి తరంలో వంటకాల పేర్లుగా మిగులుతుంది.

ఇది దక్షిణాదివారికి మాత్రమే కలిగిన కష్టమని తలచరాదు. హిందీవారని లెక్కకు వచ్చే ఇండ్లలోనూ బిడ్డ మొదట వినేది పుస్తకాల హిందీ కాదు. మైథిలి, భోజపురి, గఢ్వాలీ మొదలైన భాషలు ఆ ఇండ్లలో పలుకుతున్నవి. వీటిలో మైథిలికి 2003లో జరిగిన సవరణవల్ల రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చోటు దొరికినది. తక్కిన రెంటికీ ఇంకా దొరకలేదు. బడిలో వాటిని తప్పు హిందీగానో, మొరటు హిందీగానో ఎంచి దిద్దేవారున్నారు. తెలుగు బిడ్డ భాష బడికి తెలియదు గనుక విస్మరణకు గురి అవుతుంది. భోజపురి బిడ్డ భాష బడికి తెలిసినట్లే ఉంటుంది గనుక అవహేళనకు గురి అవుతుంది. రెంటిలో ఏది ఎక్కువ బాధాకరమో చెప్పటం కష్టం.

చట్టం ఈ విషయాన్ని గుర్తించలేదని అనటానికి వీలు లేదు. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రులు సమావేశమై, ఒక భాష మాటాడే విద్యార్థులు బడి మొత్తంమీద 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఉన్న పక్షంలో ప్రాథమిక దశలో ఆ భాషకు ఒక ఉపాధ్యాయుని నియమించవలెనని తీర్మానించారు. 1956లో రాజ్యాంగానికి చేసిన ఏడవ సవరణ 350ఎ అధికరణాన్ని చేర్చినది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వర్గాల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించే ప్రయత్నం చేయవలెనని అది ప్రతి రాష్ట్రానికీ చెబుతున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టం సాధ్యమైనంతవరకు బోధన మాతృభాషలోనే సాగవలెనన్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానం కనీసం అయిదవ తరగతివరకు ఆ మాటనే తిరిగి పలికినది.

అయినప్పటికీ 'ప్రయత్నం', 'సాధ్యమైనంతవరకు' అనే మాటల మధ్యనే మయూర్ విహార్ బిడ్డ జారిపోతున్నాడు. 40, 10 అనే అంకెలు ఏ కాలానికి పుట్టినవో ఆలోచించవలె. ఒక భాషవారు ఒక తాలూకాలో గుంపుగా నివసించిన కాలపు సరిహద్దు ప్రాంతాలకు అవి సరిపోతవి. మహానగరంలో ఉద్యోగంవెంట, కూలివెంట కదలే కుటుంబాలు ఒక్కచోట నిలువవు. ఒక తరగతిలో తెలుగువారు ఇద్దరు, తమిళులు ముగ్గురు, ఒరియావాడు ఒకడు ఉంటే ఆ సూత్రం ప్రకారం ఎవరికీ హక్కు సిద్ధించదు. పదవ బిడ్డ వచ్చి చేరితేనే తక్కిన తొమ్మిదిమందికీ తల్లిభాష ఉన్నట్లు లెక్క. సౌకర్యాల ఏర్పాటుకు సంఖ్య అవసరమే కావచ్చు. మన్ననకు సంఖ్య అవసరం లేదు. ఈ రెంటికీ గల భేదాన్ని మరచినందువల్లనే, సౌకర్యం కల్పించలేని బడి మన్నన కూడా మానివేసినది.

ఈ సందర్భంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం తలచుకోదగినది. ఆమె 1909లో రాజమహేంద్రవరంలో జన్మించారు. ఇంగ్లీషు మాధ్యమాన్ని నిరసించి చిన్ననాటనే బడి మానివేశారు. పిమ్మట తాను హిందీ నేర్చి, తెలుగునాట ఆడపిల్లలకు హిందీ నేర్పటానికి పాఠశాల నెలకొల్పారు. రాజ్యాంగ సభలో సభ్యురాలై హిందుస్తానీని జాతీయభాషగా కోరుతూనే, దక్షిణాదిలో హిందీకొరకు సాగే బలవంతపు ప్రచారంపట్ల తన భయాన్ని దాచుకొనలేదు. ఆ రోజులలోనే, 1948లో, ఢిల్లీలోని తెలుగు బిడ్డల చదువుకొరకు ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించారు. గోదావరి తీరాన హిందీ బడి, యమునా తీరాన తెలుగు బడి. ఈ రెంటిలో ఆమెకు వైరుధ్యం కనబడలేదు. ఇరుగుభాషను ప్రేమతో నేర్చినవారికే సొంతభాషను బిడియపడక అడిగే నైతికాధికారం ఉంటుందని ఆమె నడవడి చెబుతున్నది.

కాని సంఘాలు నడిపే బడులు సమస్యను సగమే తీర్చగలవు. సంఘం కట్టుకొనగలిగిన భాషవారికే అవి దొరుకుతవి. నగరంలో కొన్ని చోట్ల మాత్రమే అవి ఉంటవి. కట్టడాల పనికి వచ్చిన పాలమూరు కూలీ తన బిడ్డను యమున దాటించి పంపలేడు. ఆ బిడ్డకు దగ్గరలో ఉన్న ప్రభుత్వ పాఠశాలే శరణ్యం. కావున ధర్మభారం మరల ప్రభుత్వ పాఠశాల మీదనే పడుతున్నది.

దీనికి ఎదురు చెప్పేవారి వాదాలు తేలికగా తోసివేయదగినవి కావు. లేత మెదడుకు ఇన్ని భాషలు బరువు కావా అని కొందరంటారు. చిత్తూరు సీమలో తెలుగూ తమిళమూ, బళ్ళారిలో తెలుగూ కన్నడమూ, ఆదిలాబాదులో గోండీ మరాఠీ తెలుగూ కలిపి పలికే బిడ్డలను చూచినవారికి ఈ భయం నిలువదు. బిడ్డకు భాష బరువు కాదు. అర్థం కాని భాషలో అర్థం కాని పాఠాన్ని వల్లెవేయటమే బరువు.

ఇంగ్లీషును కోరే బీదల వాదం ఇంతకంటె బలమైనది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ప్రభుత్వ పాఠశాలల ప్రాథమిక తరగతులలో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టుతూ ఇచ్చిన ఉత్తర్వును 2020 ఏప్రిలులో ఉన్నత న్యాయస్థానం కొట్టివేసినది. అయినా పిమ్మట తల్లిదండ్రుల అభిప్రాయం అడిగినప్పుడు ఎక్కువమంది ఇంగ్లీషునే కోరారు. తమ బిడ్డలను ఇంగ్లీషు బడులకు పంపుతూ పేదవాని బిడ్డకు మాతృభాషా మాహాత్మ్యం బోధించే పండితుని మాటకు విలువ ఉండదు. ఆ కోపం న్యాయమైనది. కాని ఇంగ్లీషు కావలెననటం వేరు, తెలుగు వద్దనటం వేరు. మొదటిది పేదవాని కోరిక. రెండవది ఆ కోరికను తీర్చే తొందరలో పాలకులు జతచేసినది. ఇంటి మాటలో చదవటం, ఆలోచించటం నేర్చిన బిడ్డ మరొక భాషను దానిమీద నిలుపుకొనగలడు. రెండు భాషల బడి అనగా ఒకదానిని తీసివేసి మరొకదానిని ఇచ్చేది కాదు.

పరభాష నేర్చే శ్రమ అంతా అల్పసంఖ్యాకుల మీదనే ఉండటం మరొక అన్యాయం. 1961లో ముఖ్యమంత్రుల సమావేశం సరళీకరించి, 1968 నాటి విద్యావిధానం ఆమోదించిన త్రిభాషా సూత్రం ప్రకారం హిందీ రాష్ట్రాల బిడ్డలు ఒక ఆధునిక భారతీయ భాషను, వీలైతే దక్షిణాది భాషను, నేర్వవలసి ఉన్నది. ఆచరణలో చాలాచోట్ల ఆ స్థానం సంస్కృతానికి దక్కినది. సంస్కృతం నేర్వటం మంచిదే. కాని పక్క ఇంటివాని భాష నేర్వకుండా తప్పించుకొనటానికి పూర్వుల భాషను అడ్డుపెట్టటం ఆ భాషకూ గౌరవం కాదు. హిందీ ఇంటి బిడ్డ తన తరగతిలోని తెలుగు బిడ్డవద్ద పది మాటలు నేర్చుకొన్ననాడు, అంతవరకు శిష్యుడుగానే ఉన్న ఆ తెలుగు బిడ్డ ఒక్క గడియ గురువవుతాడు. ఆ ఒక్క గడియ విలువను ఏ పరీక్షా కొలువలేదు.

ఇంతవరకు ఇతరుల కర్తవ్యాన్ని గూర్చినది. ఢిల్లీలో తమ భాషకు చోటు అడిగే తెలుగువారు తమ ఇంట ఎట్లా మెలగుతున్నారన్నది కడపటి పరీక్ష. తమిళనాడు 2006లో తమిళాన్ని నిర్బంధ పాఠ్యాంశంగా చేసినప్పుడు అక్కడి తెలుగువారు నొచ్చుకొని న్యాయస్థానాలకు వెళ్ళారు. తెలంగాణ 2018లో తెలుగును అన్ని బడులలో నిర్బంధం చేసినప్పుడు తెలుగువారు సంతోషించారు. రెండు శాసనాలకూ పోలిక ఉన్నది. కన్నీరు, కరతాళధ్వని మాత్రమే మారినవి. తన భాషకు కోరిన న్యాయాన్ని ఎదుటివాని భాషకు ఇవ్వటానికి వెనుకాడేవాడు కోరినది న్యాయం కాదు, ఆధిక్యం.

ఈ పరీక్షలో నెగ్గిన మహనీయుడు తెలుగునాట ఒకడున్నాడు. ఏటా ఆగస్టు 29న ఎవని జన్మదినాన్ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నారో ఆ గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ సవరల భాష నేర్చాడు. తెలుగుతో చుట్టరికం లేని ముండా కుటుంబపు భాష అది. ఆ భాషకు వాచకాలు, వ్యాకరణం, నిఘంటువు సమకూర్చాడు. ఆ కృషికి ప్రభుత్వం ఇవ్వజూపిన పారితోషికాన్ని నిరాకరించి, ఆ సొమ్ముతో సవర బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పించండని కోరినట్లు ప్రసిద్ధి. దాదాపు నూరేండ్ల పిమ్మట ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కోయ, గోండీ, కొలామీ, బంజారా మొదలైన 8 భాషలలో బహుభాషా విద్యాకార్యక్రమం మొదలైనది. ఆయన వేసిన బాట అదే. తెలుగువారి భాషా పర్వదినం మరొకరి భాషకు సేవ చేసినవాని పేరిట ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు. కాని అందులోని అర్థాన్ని గ్రహించక పండుగ చేసుకొంటే పుష్పమాలలు మాత్రమే మిగులుతవి.

మయూర్ విహార్ బడి ప్రతి భాషకూ ఒక ఉపాధ్యాయుని నియమించలేదు. అయినా నాలుగు బడులకు కలిపి వారానికి రెండు నాళ్ళు వచ్చే ఒక తెలుగు పంతులును, ఒక మలయాళ పంతులును ఏర్పాటు చేయవచ్చు. గ్రంథాలయపు బీరువాలో ప్రతి భాషకూ ఒక అర కేటాయించవచ్చు. ఇంటివద్ద విన్న కథను ఇంటి మాటలోనే మొదట చెప్పించి, పిమ్మట తరగతికి అర్థమయ్యే మాటలో తిరిగి చెప్పించవచ్చు. వీటికి అయ్యే వ్యయం స్వల్పం. కావలసినది, బడిలో అడుగు పెట్టిన బిడ్డ ఖాళీ పలకతో రాలేదని, మాటలు రాసి ఉన్న పలకతోనే వచ్చాడని ఒప్పుకొనే వినయం. ఆ రాతను చెరపకుండా దాని కింద మరొక పంక్తి రాయించటమే ఉపాధ్యాయుని పని.