ఎదుటివాడు మాట తప్పితే?

"వాడు నన్ను మోసం చేశాడు. నేనూ వాణ్ణి మోసం చేస్తే తప్పేమిటి?" సికింద్రాబాద్ బజారులో ఉమ్మడిగా దుకాణం నడిపే భాగస్వాములు తగాదా పడితే వినిపించే మాట ఇది. జవాబు వెదికేముందు ఒకసారి చరిత్ర వైపు చూద్దాం.

మధ్యధరా సముద్ర తీరాన అక్కా అనే కోట పట్టణం ఉంది. 1104లో శిలువ యోధులు దాన్ని ఆక్రమించారు. 1187లో సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ (రహ్మ) దాన్ని తిరిగి స్వాధీనం చేసుకున్నారు. అప్పుడు పట్టణవాసులకు ప్రాణరక్షణ హామీ ఇచ్చి, వెళ్ళదలచినవారిని వెళ్ళనిచ్చారు. 1189లో శిలువ సైన్యాలు మళ్ళీ ముట్టడించాయి. దాదాపు రెండేళ్ళు ఆకలికి, వ్యాధులకు ఓర్చుకున్న కోట రక్షకులు 1191 జూలై 12న లొంగిపోయారు. 2 లక్షల దీనార్లు చెల్లించి, శిలువ ఖైదీలను విడిచిపెడితే వారి ప్రాణాలకు అభయమని ఒడంబడిక జరిగింది. అయితే చెల్లింపు దగ్గర పేచీ వచ్చింది. ఇంగ్లండు రాజు రిచర్డ్ ఆగస్టు 20న సుమారు 2,700 మంది ముస్లిం ఖైదీలను వధింపజేశాడు.

ఇది చదివితే మన రక్తం ఉడుకుతుంది. కాని కథ ఇక్కడితో ముగియలేదు. ఆ తర్వాతి రోజుల్లో తన చేతికి చిక్కిన కొందరు శిలువ సైనికులను సుల్తాన్ కూడా చంపించారు. ఆయన సన్నిహితుడైన చరిత్రకారుడు ఇబ్న్ షద్దాద్ ఈ సంగతి దాచలేదు. 1291లో మమ్లూక్ సుల్తాన్ అష్రఫ్ ఖలీల్ అక్కాను జయించినప్పుడు ఎందరో పట్టణవాసులు హతులయ్యారు, స్త్రీలూ పిల్లలూ బానిసలయ్యారు.

రిచర్డ్ చేసింది అన్యాయమైతే, అదే పని మనవాళ్ళు చేస్తే న్యాయమవుతుందా? ప్రతీకారానికి అనుమతి ఉందని కొందరు అంటారు. నిజమే, కాని అది దోషి విషయంలో, అదీ హద్దు మీరకుండా. ఒకరి పాపభారం మరొకరి మీద మోపరాదన్నది దివ్యఖుర్ఆన్ బోధన. 1291 నాటి పసిబిడ్డలకు వందేళ్ళ కిందటి నేరంతో సంబంధమేమిటి? ఏ జాతి మీది ద్వేషమూ మనల్ని న్యాయం నుంచి తప్పించకూడదని సూరా మాయిదా 8వ ఆయత్ హెచ్చరిస్తోంది.

ఇప్పుడు మన దుకాణానికి వద్దాం. మోసపోయినవాడు తన హక్కు అడగవచ్చు, పెద్దల ముందు పెట్టవచ్చు, న్యాయస్థానానికి వెళ్ళవచ్చు. దొంగలెక్క మాత్రం రాయకూడదు. నమ్మకద్రోహం చేసినవాడికి సైతం ద్రోహం చేయరాదని దైవప్రవక్త (స) బోధించారు. మనం మాట నిలబెట్టుకునేది ఎదుటివాడి మంచితనం చూసి కాదు. రేపు అల్లాహ్ సన్నిధిలో ఎవరి లెక్క వారే చెప్పుకోవాలి గనుక.