ముఖము చూడనిదే పోలిక రాదు

ధ్యానభాగము: 2 కొరింథీయులకు 3:18



రాజమహేంద్రవరమున 1897లో జన్మించిన దామెర్ల రామారావు గారి చిత్రకళాసక్తిని అక్కడి కళాశాల ప్రిన్సిపాలు కూల్డ్రే దొరగారు గుర్తించి ప్రోత్సహించిరి. రామారావు గారు బొంబాయిలోని జె.జె. కళాపాఠశాలలో నేర్చుకొని, స్వస్థలమునకు వచ్చి యువకులకు నేర్పి, 1925లో మశూచివలన 28వ యేట మరణించిరి. వరము గలవానికిని అభ్యాసము తప్పలేదు.

కాన్వాసు గుడ్డపై మనుష్యుని ముఖమును ఉన్నదున్నట్లు చిత్రించుటలో మొదటి పాఠమేమనగా, మనస్సులోని ముఖమును గాక ఎదుటనున్న ముఖమును చూచుట. క్రొత్తవాడు కన్నులను నుదుటికి చేర్చి పైన పెట్టును. నిజమునకు అవి తల ఎత్తులో ఇంచుమించు సగమున నుండును. వాడు కనురెప్పల వెండ్రుకలు దిద్దుటకు తొందరపడును; గురువైతే ముందు వెలుగు నీడలు చూడుమనును. కుంచె కదలినంతసేపు కన్ను మరల మరల ఆ ముఖము తట్టు తిరుగవలెను.

విశ్వాస జీవితమును అట్టిదే. ముసుకు లేని ముఖముతో ప్రభువు మహిమ యెదుట నిలుచువారు ఆయన పోలికలోనికి మారుదురని పౌలు బోధించెను. చూచుట మన పని. మార్చుట ఆత్మ పని.

సాతంరాయి, శంషాబాదు ప్రాంతపు విశ్వాసులారా, 2008లో విమానాశ్రయము తెరువబడిన పిమ్మట మన భూముల వెల యెంత పెరిగెనో మీరెరుగుదురు. ఒక తల్లి బిడ్డలు హద్దురాయి కొరకు మాటలు మానుకొని, ప్రభువు బల్లయొద్ద ప్రక్కప్రక్కన మోకరించిన యెడల, అది ఎవరి పోలిక? పొరుగువాడు బైబిలు తెరువకపోవచ్చును గాని మన ముఖము చూచును.

ప్రభువు తన పక్షమే యని ఇరువురును తలంతురు. అది మనస్సులోని ముఖము. లూకా 12వ అధ్యాయములో, ఆస్తి పంచిపెట్టుమని అడిగినవానికి ఆయన తీర్పరి కానొల్లక, లోభము విషయమై జాగ్రత్త చెప్పెను. అదే సువార్త 23వ అధ్యాయములో తన్ను సిలువ వేసినవారి కొరకు ప్రార్థించెను. అది ఆయన నిజమైన ముఖము. న్యాయమైన వాటా అడుగుట పాపము కాదు. సహోదరుని పోగొట్టుకొని పొలము సంపాదించుట నష్టము.

తైలవర్ణము త్వరగా ఆరదు గనుక తప్పిన గీతను తుడిచి మరల దిద్దవచ్చును. మనకును దినమింకను ఉన్నది. ఈ మాసమంతయు ప్రతి సాయంకాలము ఇంటిల్లిపాది కూడి లూకా సువార్తలో ఒక భాగము చదువుదము. రిజిస్ట్రారు ఆఫీసుకు పోకమునుపు అన్న గడప త్రొక్కుదము, చెల్లెలి వాటా తలంచుదము.

తన కుమారుని పోలికను ప్రభువు మనయందు సంపూర్తి చేయును గాక. ఆమేన్.