పేరు లేని కుంచె

ఒక పని చేసినవాని పేరు ఆ పనితోపాటు నిలవవలసిన అవసరం ఉన్నదా? పని నిలిస్తే చాలునని పలువురి అభిప్రాయం. మన దేవాలయ శిల్పాలను ఉదాహరిస్తూ, తన పేరును త్యజించడమే భారతీయ కళాకారుని ఆదర్శమని వారంటారు. ఈ మాటలో ఔన్నత్యం లేకపోలేదు. అయితే ఆ త్యాగం చేసినదెవరు, దానిని ప్రశంసిస్తున్నదెవరు అన్నది విచారించదగిన విషయం. అడవిపూలను చిత్రించిన మన దేశపు చిత్రకారుల చరిత్ర ఈ విచారణకు ఎంతగానో తోడ్పడుతుంది.

స్కాట్లండుకు చెందిన విలియం రాక్స్‌బర్గ్ (1751–1815) ఈస్టిండియా కంపెనీ వైద్యునిగా మన దేశానికి వచ్చి, నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో 1781 నుండి పనిచేశాడు. ఆ ప్రాంతపు మొక్కలను దేశీయ చిత్రకారులచేత గీయించడం ప్రారంభించాడు. 1793లో కలకత్తా ఉద్యానాధిపతిగా వెళ్లిన తరువాత కూడా ఆ కృషి సాగింది. ఆ చిత్రాలలో 300 ఎంపికయి, కోరమాండల్ తీరపు మొక్కలను గురించిన గ్రంథంగా 1795–1820 మధ్య లండన్‌లో 3 సంపుటాలలో వెలువడ్డాయి. అందులో తెలుగువారు మొక్కలకు పెట్టుకున్న పేర్లు శ్రద్ధగా నమోదయ్యాయి. సోమిద చెట్టు తెలుగు పేరే తదనంతరం 'సోయ్మిడా' అనే శాస్త్రీయ ప్రజాతి నామమయింది. మన మోదుగకు, బ్రిటిష్ ప్రధానిగా కూడా పనిచేసిన బ్యూట్ ప్రభువు స్మారకంగా 'బ్యూటియా' అనే పేరు వచ్చింది. చెట్టుకు పేరున్నది, ప్రభువుకు పేరున్నది. మోదుగపువ్వు రేకుల వంపును, కెంజాయను కాగితంపై నిలిపిన చేతికి మాత్రం పేరు లేదు.

ఆ చేయి చేసిన పని సామాన్యమైనది కాదు. కోసి తెచ్చిన పువ్వు వాడిపోయేలోగా దాని రంగును పట్టుకోవాలి. ఎండబెట్టి భద్రపరచిన నమూనాలో రంగు వెలిసిపోతుంది. ముందు తరాలకు అది చిత్రంలోనే దక్కుతుంది. ఎదుట ఉన్నది ఒక్క కొమ్మే అయినా, గీసిన చిత్రం ఆ జాతి మొత్తానికి సాక్ష్యం కావాలి. పురుగు కొరికిన ఆకును ఉన్నదున్నట్లు గీస్తే అది ఆ ఒక్క కొమ్మ చిత్రంగానే మిగులుతుంది. అందంకోసం ఒక కేసరాన్ని అదనంగా చేరిస్తే శాస్త్రానికి పనికిరాదు. అంటే చిత్రకారుడు తన అభిరుచిని, చమత్కారాన్ని అడుగడుగునా అదుపులో ఉంచుకోవాలి. పనిలో తననే మరచినవానికి ఇక పేరుతో పనేమిటని అడిగేవారికి ఈ నిగ్రహమే ఆధారంగా కనిపించవచ్చు.

కాని ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలగాపులగమవుతున్నాయి. పనిలో 'నేను' అన్న భావాన్ని తగ్గించుకోవడం చిత్రకారుని సాధన. పని ముగిసిన తరువాత అతని పేరు రాయకపోవడం గ్రంథకర్త నిర్ణయం. మొదటిది వినయం, రెండవది ఉపేక్ష. వినయం దానం వంటిది. తనదైనదానిని తానే ఇస్తే అది దానం. అడగకుండా ఇతరులు తీసుకుంటే దానిని ఎవరూ దానమనరు. పేరు వద్దనే అవకాశం ఒకనికి కలగాలంటే, ముందుగా అతని పేరు అడిగేవారు ఉండాలి.

మన సంప్రదాయమంతా అజ్ఞాత కళాకారులదేననడం కూడా సమంజసం కాదు. 1620లో కాశ్మీరానికి వెళ్లిన జహంగీర్ చక్రవర్తి అక్కడి పూలను చూసి ముగ్ధుడయ్యాడు. ఉస్తాద్ మన్సూర్ చిత్రించిన పూలే వందకు మించి ఉన్నాయని తన స్వీయచరిత్రలో పేరు పెట్టి రాశాడు. 'నాదిర్-ఉల్-అస్ర్', అంటే తన కాలానికే అపురూపమైనవాడు అన్న బిరుదునిచ్చి గౌరవించాడు. ఆ చిత్రకారుని పేరు చెప్పినందువల్ల చక్రవర్తి ప్రతిష్ఠకు లోటేమీ రాలేదు.

కంపెనీ కాలంలోనూ మరొక మార్గం సాధ్యమేనని నిరూపించినవాడు మద్రాసులో పనిచేసిన రాబర్ట్ వైట్. 1838–1853 మధ్య ఆయన 6 సంపుటాలుగా ప్రచురించిన గ్రంథంలో 2101 చిత్రఫలకాలున్నాయి. రంగయ్య, ఆయన తరువాత గోవిందు ఆయనకు ప్రధాన చిత్రకారులు. వారి పేర్లు ఫలకాలపై ముద్రితమయ్యాయి. ఒక ఆర్కిడ్ ప్రజాతికి వైట్ 'గోవిందూయా' అని నామకరణం కూడా చేశాడు. అంతమాత్రాన వారు ఆయనతో సమానులయ్యారనుకోనక్కరలేదు, గ్రంథకర్తృత్వం వైట్‌దే. ఆ ఆర్కిడ్ సైతం కాలక్రమంలో 'ట్రోపిడియా' ప్రజాతిలో కలిసిపోయింది. కాని ఫలకం అడుగున అచ్చయిన చిన్న అక్షరాలు చెరిగిపోలేదు. హెన్రీ నోల్టీ 2007లో ఎడింబరో నుండి వెలువరించిన గ్రంథం శీర్షికలో వైట్ పేరు సరసన రంగయ్య, గోవిందుల పేర్లు చోటు చేసుకున్నాయి. ఒకటిన్నర శతాబ్దం గడచిన తరువాత ఒక పరిశోధకుడు వారిని వెదకగలిగాడంటే, వెదకడానికి ఒక పేరు మిగిలి ఉండడమే కారణం.

పేరు నమోదు చేయడం కీర్తికోసమే కాదనడానికి ఇదే నిదర్శనం. అది భావితరాలు నడిచి రాగల దారి. దస్త్రాలు, సర్వేక్షణలు, ప్రదర్శనశాలల పట్టికలు రూపొందించే బాధ్యత గలవారికి ఈ విషయం మరింత వర్తిస్తుంది. 'స్థానిక చిత్రకారుడు', 'సహాయకుడు' అన్న మాటలతో సరిపెట్టుకున్నప్పుడల్లా ఒక దారి మూసుకుపోతుంది. పేరు తెలిసి ఉన్న రోజున దానిని రాయడానికి పట్టేది ఒక్క పంక్తి. ఆ రోజు దాటిపోతే ఎన్ని సంపుటాల పరిశోధనతోనూ దానిని తిరిగి తీసుకురాలేకపోవచ్చు. ఆ ఒక్క పంక్తి రాయడం మన ఔదార్యం కాదు. అది మనం తీర్చవలసిన ఋణం.